గడ్డికప్పు కంటపడని విడిది

ఇలా దగ్గరకు జరగండర్రా. ఆ ఫోను బోర్లా పెట్టేసి, గుమ్మం దగ్గరున్నవాళ్లు కూడా లోపలికి వచ్చి కూర్చోండి. వేరుశనక్కాయలు తింటే తినండి గాని తొక్కలు చాప మీద పోయకండి. మీ తవిటమ్మ మామ్మ విమానమెక్కి ఇంగ్లండు వెళ్లి వచ్చిందంటే ఊళ్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. వెళ్లాను. సొంత సరదాకు కాదు, సర్కారు వారి పని మీద. ఆ పని ఏమిటంటే, గడ్డికప్పు ఉన్న ఇల్లు ఒక్కటి కూడా చూడకుండా తిరిగి రావడం.

మన చుట్టిల్లు మీరు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. గుండ్రటి మట్టిగోడ, నడుమ నిట్రాడ, దాని మీది నుంచి గొడుగులా కిందికి దిగిన కప్పు, కింద తాటాకు, పైన గడ్డి. మా అత్త కాపురానికి వచ్చిన ఏడు కట్టిన ఇల్లు. సముద్రం మీద నుంచి గాలివాన లేచినప్పుడు, మూలలున్న ఇంటిని ఆ మూలలు పట్టుకునే ఊపుతుంది. దీనికి మూల లేదు. గాలి చుట్టూ తిరిగి, పట్టు దొరక్క, విసుక్కుని అవతలికి పోతుంది.

ఇలాంటి ఇళ్లు ఒకప్పుడు మండలంలో ఎటు చూసినా ఉండేవి. తరవాత పక్కా గృహాల శాఖ వచ్చింది. ఒక్కొక్కటే దింపి శ్లాబు ఇళ్లు కట్టించింది. నాకూ ఒకటి కట్టించింది. అందులో మన మేకలుంటున్నాయి. వేసవి మధ్యాహ్నాలు ఆ శ్లాబు ఇటుక బట్టీలా కాలుతుంటే, పాపం అవి కూడా తాడు తెంపుకుని వచ్చి నా చూరు కింద పడుకుంటాయి.

ఆ ఏడు మండలాన్ని గుడిసెరహిత మండలంగా ప్రకటించాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. సన్నాయి మేళానికి చెప్పారు, శాలువాలు తెప్పించారు, శిలాఫలకం చెక్కించారు. తీరా చూస్తే ఒక గుడిసె మిగిలిపోయింది. నాది.

శాఖకు జిల్లా పెద్ద దాలినాయుడు గారు. ప్రాజెక్టు డైరెక్టరు కదా, అందరూ పీడీ గారంటారు. జీపు దిగి వచ్చారు. వెనకాలే ఇంజనీరమ్మ హైమావతి. చిన్న వయసు, చురుకైన పిల్ల, నిబంధనలన్నీ నోటికొచ్చు. పీడీ గారు మన పక్క ఊళ్లో పుట్టినవారే గాని, ఆ కుర్చీలో కూర్చున్న నాటి నుంచి ఆయన మాట నేల మీద నడవడం మానేసింది.

“అమ్మా, మండల సర్వతోముఖాభివృద్ధికి తమ నివాసమొక్కటే ప్రతిబంధకంగా పరిణమించినట్లు శాఖ తీవ్రంగా పరిగణించడమైనది” అన్నారు.

నేను హైమావతి వైపు చూశాను. ఇల్లు దింపేయమంటున్నారని ఆ పిల్ల మెల్లగా చెప్పింది.

“దింపీసి నానెక్కడ పడుకోవాల బావూ? మేకల్తోనా?” అన్నాను. మనుషులకు కట్టించిన ఇంట్లో మేకలను కట్టావా అని ఆయన నన్ను తిట్టారు.

మామూలుగా అయితే నలుగురు కూలీలను పెట్టి దింపించేవారే. కాని నిబంధనలో ఒక చిక్కుంది. ఇష్టం లేనివారి ఇల్లు దింపకూడదు. ఇష్టం లేకపోతే ఇష్టం పుట్టించాలి. అందుకోసం అవగాహన యాత్ర అని ఒకటి పెట్టారు. మొండికేసిన మనిషిని బాగుపడిన పల్లెకు తీసుకెళ్లి, మనుషులు ఎలా బతుకుతున్నారో చూపించాలి.

ఏ పల్లె చూపించాలి? ఆ రోజుల్లోనే రాజధానిలో ఉండే కమిషనరు గారు పెళ్లాం పిల్లలతో ఇంగ్లండు పల్లెటూళ్లలో సెలవులు గడిపి వచ్చారు. అప్పటి నుంచి శాఖ మొత్తానికి ఇంగ్లండు పల్లె పిచ్చి పట్టుకుంది. సమావేశం మొదలైతే ఇంగ్లండు పల్లె, ముగిస్తే ఇంగ్లండు పల్లె. డ్రైవరు గేదె అడ్డమొస్తే బండి ఆపి, ఇంగ్లండు పల్లెలో అయితే ఇది గొర్రె అయి ఉండేదని నిట్టూర్చేవాడట. కమిషనరు గారు అందరికీ ఫొటోలు చూపించారు. పువ్వుల మధ్య వాళ్లావిడ, గొర్రెపిల్ల పక్కన వాళ్లావిడ, కాలవగట్టున వాళ్లావిడ. ఇంతకీ తమరు ఏ ఇంట్లో దిగారు సార్ అని ఒక్కరూ అడగలేదు. పెద్దవారిని అడగకూడదు కదా. అంత గొప్ప పల్లెలో ఉండేది శ్లాబే అని ఎవరికి వారు అనుకున్నారు.

పీడీ గారు నన్ను ఊరందరి ముందూ నిలబెట్టి మాట ఇచ్చారు. ఆ ఒక్క రోజూ మనకర్థమయ్యే తెలుగులో ఇచ్చారు.

“గడ్డి కప్పిన ఇల్లు అక్కడ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నీ కంటపడితే తల్లీ, నీ ఇంటి జోలికి నేను రాను. పడకపోతే మాత్రం వచ్చిన మర్నాడే దింపేద్దాం. సరేనా?”

సరే అన్నాను. ఎప్పుడూ చూడని దేశం. దొరలు గడ్డి కింద పడుకుంటారని నేను మాత్రం ఎందుకు అనుకుంటాను? ఇల్లు పోయిందనే అనుకున్నాను లోపల. మా తోటికోడలు అచ్చియ్యమ్మకు మేకలు అప్పజెప్పాను. ఆవిడ ఊరుకుంటుందా?

“ఓలప్పా, ఎల్లీ ముందు ఇంటికి ఓ దణ్నమెట్టుకుని ఎల్లు. కంటి సుక్కలు మాత్రం మర్సిపోకు. కళ్లు మసకేసి గడ్డిని సూసి శ్లాబనుకునీవు” అంది.

ఇక విడిది ఎంపిక. దానికొక సంఘం వేశారు. లబ్ధిదారు సమక్షంలో జరగాలని నిబంధన ఉందట, అందుకని నన్నూ ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఇంగ్లండు పల్లెల్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు బోలెడంత మంది. ఇల్లంతా ఇచ్చేవాళ్లు, ఒక గది ఇచ్చి పొద్దున్న ఫలహారం పెట్టేవాళ్లు, పొలంలో దింపేవాళ్లు. వాళ్లందరికీ శాఖ తరఫున ఒకటే కబురు వెళ్లింది: ఇంటి ఫొటో శాఖ పద్ధతిలో తీసి పంపవలెను.

శాఖ పద్ధతి మీకు తెలుసు. ఇల్లు మంజూరైతే యజమాని గుమ్మంలో నిటారుగా నిలబడి, ఒక చెయ్యి ద్వారబంధం మీద వేయాలి. పక్కన తలుపు నంబరు కనపడాలి. మొహం కనపడాలి. అంతే. కప్పు ఆ ఫొటోలోకి రాదు. మన ఊళ్లో శ్లాబు పడకముందే శ్లాబు బిల్లులు పాసయ్యాయంటే ఆ ఫొటో చలవే.

ఇంగ్లండు వాళ్లకు ఈ మర్యాదలు తెలియవు. ఒకరు కప్పు ఫొటో పంపారు, ఒకరు తోట ఫొటో పంపారు, ఒకరు గుడ్డు వేపుడు ఫొటో పంపారు. పీడీ గారు అన్నీ పక్కన పడేయించారు. అప్రస్తుతం అన్నారు. డోరతీ అనే ఒక్క ముసలావిడ మాత్రం అడిగినది అడిగినట్టు చేసింది. గుమ్మంలో నిటారుగా నిలబడింది, చెయ్యి ద్వారబంధం మీద వేసింది, నంబరు కనపడేలా కాస్త పక్కకు జరిగింది కూడా. పీడీ గారు ఆ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, క్రమశిక్షణ గల లబ్ధిదారు అని మెచ్చుకున్నారు. విడిది ఏకగ్రీవంగా ఖాయమైంది.

విమానం సంగతి ఇంకోసారి చెబుతాను. రైలు దిగేసరికి సన్నగా వాన పడుతోంది. డోరతీ తన చిన్న కారు వేసుకుని స్టేషనుకు వచ్చింది. నా వయసే ఉంటుంది. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు జోళ్లు, కళ్లలో ఏదో కొంటెతనం. నేను డోరతమ్మా అన్నాను. ఆవిడకు నచ్చింది. కారు ఒక సందులోకి తిరిగేసరికి ముందు సీట్లో ఉన్న హైమావతి “సార్” అంది. పీడీ గారు ముందుకు వంగి చూశారు. మరుక్షణం కారులోనే గొడుగు విప్పి నా నెత్తి మీద కప్పేశారు.

“ఈ దేశాచారం ప్రకారం అతిథి తల వంచుకుని గృహప్రవేశం చేయవలసి ఉంటుంది అమ్మా” అన్నారు.

గొడుగు నా ముక్కు దాకా దించి, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని పెళ్లికూతుర్ని తెచ్చినట్టు లోపలికి తీసుకెళ్లారు. కుర్చీలో కూర్చున్నాక గొడుగు తీశారు. పైన చెక్క పలకలు, నల్లటి దూలాలు. బయట వాన. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. వానకు తడిసిన గడ్డికప్పు కింద ఇంట్లో ఒక వాసన ఉంటుంది చూశారూ, కొంచెం బూజు, కొంచెం పొగ, కొంచెం కోడిపిల్ల. అదే వాసన. సముద్రాలు దాటి వచ్చి నా ఇంట్లోనే కూర్చున్నట్టుంది.

అప్పుడే చెప్పేయొచ్చు. కాని ఒప్పందం కంటపడితే అని. ముక్కున పడితే అని కాదు. పీడీ గారు తడిసిన కర్టెను వాసన అనేస్తారు. పైగా, వీళ్లు ఎంత దూరం వెళ్తారో చూడాలని నాకూ సరదా పుట్టింది. ఊరుకున్నాను.

నాకు చెవుడనుకున్నారేమో, పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. గుడిసెలో బస చేస్తే ప్రయాణ భత్యం రాదని హైమావతి గుర్తుచేసింది. అంతేకాదు, ఏ అధికారికైనా గుడిసె కనిపిస్తే అక్కడికక్కడే నమోదు చేసి, శ్లాబు ఇల్లు మంజూరుకు రాయాలట. ఏ దేశంలో అని నిబంధనలో లేదట.

“మనకు కనిపించలేదు హైమావతీ. మనం కూడా గొడుగు కిందే ఉన్నాం” అన్నారు పీడీ గారు.

మర్నాడు ఎండ కాసింది. అయినా గొడుగు కిందే నన్ను కారెక్కించారు. డోరతమ్మ మొహం చిన్నబోయింది. ఏం లోపం జరిగింది, పరుపు గట్టిగా ఉందా, గుడ్డు పచ్చిగా ఉందా అని హైమావతిని అడిగిందట. ఆ పిల్ల ఏం చెబుతుంది? మా పెద్దలకు విడిదులు మార్చడం ఆచారం అంది. డోరతమ్మ మంచిది. అయితే పదండి, నేనే తిప్పి చూపిస్తానంది. పీడీ గారు ఫొటోల కోసం తెచ్చిన శాఖ బ్యానరు తీసి నేను కూర్చున్న వైపు అద్దానికి కట్టారు. గుడిసెరహిత మండలమే మన ధ్యేయం అని దాని మీద ఇంతేసి అక్షరాలు. ఇంగ్లండు పల్లెల అందమంతా నేను ఆ బ్యానరు వెనక నుంచే చూశాను.

మొదట వెళ్లిన విడిదికి పెంకులే, గడ్డి కాదు. కాని అది పశువుల శాల. ఆవులను పంపించేసి, గోడలకు సున్నం వేసి, మంచాలు వేశారు. పశువుల తొట్టిలో తువ్వాళ్లు మడిచి పెట్టారు. నాకు నవ్వాగలేదు.

“బావూ, నువ్వు మనుసులకి కట్టిన కొంపలో నాను మేకల్ని కట్టీసినానని తిట్టినావు. ఈళ్లు ఆవుల సాలలో మనుసుల్ని కట్టీసినారు. ఈళ్లని కూడా తిట్టు మరి” అన్నాను.

పీడీ గారు గొంతు సవరించుకున్నారు. పూర్వాశ్రమంలో పశుశాల అయి ఉండవచ్చు గాని ప్రస్తుతం మానవావాసంగా పదోన్నతి పొందినట్లు భావించవలెనన్నారు. కాని హైమావతి ఒప్పుకోలేదు. మనుషులు, పశువులు ఒకే కప్పు కింద ఉండరాదన్నది శాఖ తొలి నిబంధన. ఆవు ఎప్పుడు ఖాళీ చేస్తే దోషం పోతుందో అందులో రాయలేదు. కారెక్కాం.

తరవాతది చక్రాల మీద ఇల్లు. పూర్వం గొర్రెలు కాచేవాడు పొలంలో పడుకోవడానికి లాక్కుపోయే డబ్బా. ఇప్పుడు అందులో పడుకోవడానికి పట్నం దొరలు నెలల ముందే మాట్లాడుకుంటారట. రేకు కప్పు కాబట్టి పీడీ గారికి ప్రాణం లేచొచ్చింది. కాని పునాది ఏది? పునాది లెవెలు ఫొటో లేనిదే ఇల్లు ఇల్లే కాదు. పీడీ గారు చక్రాల ముందు గొంతుక్కూర్చుని, నేల మీద ఆనిన మేరకు చక్రాన్నే పునాదిగా పరిగణించవచ్చునా అని చాలాసేపు ఆలోచించారు. అంతలో గాలికి డబ్బా కాస్త ఊగింది. లేచి చేతులు దులుపుకున్నారు.

ఆ తరవాత ఒక మైదానం నిండా గుడారాలు. లోపల మంచాలు, కంబళ్లు, పూలకుండీ. పిల్లలూ తల్లులూ బయట రాళ్లు పెట్టి వంట చేసుకుంటున్నారు.

“అయ్యో, ఏ తుపాను కొట్టింది ఈళ్లకి? ఇంకా ఇళ్లు ఇవ్వలేదేటి?” అని అడిగాను.

తుపాను కాదు, సరదాకు వచ్చారని డోరతమ్మ చెప్పించింది. నేను నమ్మలేదు. నా సంచిలోని చోడిపిండి తీసి ఒక తల్లికి ఇవ్వబోతే, హైమావతి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. పీడీ గారికి మాత్రం అక్కడ నిలబడలేనంత బాధ కలిగింది. ఇంతమంది అర్హులైన లబ్ధిదారులను ఒక్కచోట ఆయన ఎన్నడూ చూడలేదు.

ఇలా తిరిగి తిరిగి, గడ్డి లేనిది, పశువులు లేనిది, చక్రాలు లేనిది, గుడ్డ కానిది అయిన విడిది కోసం ఆయన మనిషి సగమైపోయారు. డోరతమ్మకు మాత్రం రాను రాను హుషారెక్కింది. అసలు మీ పెద్దాయనకు ఏం కావాలని అడిగింది. కాంక్రీటు శ్లాబు, కాంక్రీటు గోడ, కాంక్రీటు నేల అని హైమావతి చెప్పింది. డోరతమ్మ కాసేపు ఆలోచించింది. పెదవి కొరుక్కుంది. తరవాత కారు పొలాల్లోకి తిప్పింది.

పొలం మధ్యలో ఉంది అది. ఎప్పుడో పెద్ద యుద్ధం వచ్చినప్పుడు శత్రువు దిగితే కాల్చడానికి కట్టిన సిమెంటు గూడు. ఆరు పలకల గోడ, మూర మందం. పైన చదునుగా శ్లాబు. కిటికీలు లేవు, పలకకొకటి తుపాకీ దూర్చే కంత ఉంది. రైతు అందులో బంగాళాదుంపలు వేసుకున్నాడు.

పీడీ గారు లోపలికి వెళ్లి శ్లాబు మీద అరచెయ్యి ఆనించారు. తప్పిపోయిన బిడ్డ జాతరలో దొరికినట్టు ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ఇంత గట్టి కాంక్రీటు చూడలేదట. మన శాఖ వేసింది కాదు కదా మరి. హైమావతి వేళ్లు మడిచి చూసింది. పునాది ఉంది. కప్పు ఉంది. వాయుప్రసారానికి రెండు చాలు, ఆరున్నాయి.

“శాఖాప్రమాణాలకు అక్షరాలా సరితూగే ఏకైక గ్రామీణ విడిదిగా దీనిని నిర్ధారించడమైనది” అన్నారు పీడీ గారు.

రైతును అడిగితే అతను డోరతమ్మ వైపు చూశాడు. డోరతమ్మ చూపు తిప్పుకుంది. దుంపల బస్తాలు బయటపెట్టి, గడ్డి పరకలు ఊడ్పించి, నన్ను మళ్లీ గొడుగు కిందే లోపలికి నడిపించారు. ఆ సిమెంటు గూట్లో దిగాం. ఇంగ్లండు వెళ్లి సెలవులు గడిపినవాళ్లు చాలామంది ఉంటారు. తుపాకుల గూట్లో సామాను సర్దుకున్నవాళ్లం మేమే అయి ఉంటాం. ఆవులు వరసగా వచ్చి కంతల్లోంచి మమ్మల్ని చూసి వెళ్లాయి.

ఆ కంతలే పీడీ గారికి ప్రాణం మీదికొచ్చాయి. బ్యానరు ఒకదానికి కట్టారు. పెట్టెలు రెండింటికి అడ్డం పెట్టారు. గొడుగు ఇంకోదానికి. హైమావతిని ఒకదాని ముందు నిలబెట్టారు. మిగిలినదాని ముందు తానే నిలబడ్డారు. టీ తాగినా అక్కడే, రొట్టె తిన్నా అక్కడే. కాలు మార్చి కాలు మీద నిలబడుతుంటే నాకే జాలేసి, కూర్చో బావూ అన్నాను. శాఖాపరంగా నిలబడుటయే శ్రేయస్కరమన్నారు.

అంతలో బయట ఎవరో పిలిచారు. టై కట్టుకుని, రబ్బరు జోళ్లు వేసుకుని, బొద్దుగా ఉన్న ఒక దొర. ఆ ఊళ్ల పాత కట్టడాలను కాపాడే అధికారి అట. సిమెంటు గూట్లో ఎవరో కాపురం పెట్టారని కబురందిందట. అధికారి అన్న మాట చెవిన పడగానే పీడీ గారి కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు నడిచాయి. పెద్దలు పిలిస్తే వెళ్లాలి కదా. కంత ఖాళీ అయింది.

నేను లేచి, చీరకొంగుతో కళ్లు తుడుచుకుని చూశాను.

పచ్చటి పల్లం. పల్లం అవతల ఊరు. ఎండలో వరసగా గడ్డి ఇళ్లు, గుడ్ల మీద పొదిగిన కోడిపెట్టల్లా రెక్కలు దించుకుని కూర్చున్నాయి. కొన్ని పాతబడి నల్లగా, కొన్ని కొత్తగా కప్పించుకుని పసుపు రాసుకున్నట్టు. వాటిలో డోరతమ్మ ఇల్లు కూడా ఉంది, గుమ్మం పోల్చుకున్నాను. నా ఒంట్లోకి ప్రాణం తిరిగి వచ్చింది.

పీడీ గారిని కేకేశాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు.

“బావూ, అదేటి?”

చాలాసేపు చూశారు. “కొండ” అన్నారు.

“కొండ కిందవి?”

“చెట్లు.”

“సెట్టుకి పొగ్గొట్టం ఉంతాదేటి బావూ?”

హైమావతి కూడా తన కంత వదిలేసి వచ్చి చూసింది. మాట ప్రకారం చూస్తే మామ్మ గెలిచినట్టే కదా సార్ అంది, నేల చూపులు చూస్తూ. పీడీ గారు మండిపడ్డారు. ఒప్పందం విడిది నుంచి చూడటం గురించి గాని, సైనిక కట్టడంలోంచి చూడటం గురించి కాదన్నారు. అదీగాక ఆ కప్పులు గృహాలు కావు, అలంకారాలు కావచ్చునన్నారు.

మేం బయటికి వచ్చేసరికి రబ్బరు జోళ్ల దొర మొదలుపెట్టాడు. అతను మాట్లాడింది ఇంగ్లీషే. కాని హైమావతి తెలుగులో చెబుతుంటే అచ్చం మన పీడీ గారి నోట విన్నట్టే ఉంది. ఈ సిమెంటు గూడు సంరక్షిత కట్టడమైనందున ఇందులో నివసించుట నిషిద్ధమట. ఆ గడ్డికప్పులన్నీ సంరక్షిత కప్పులైనందున ఒక్క పరక తొలగించినా నేరమట.

అప్పటిదాకా పొట్ట పట్టుకుని నవ్వుతున్న డోరతమ్మ మొహం ఎర్రబడింది. ఆవిడ తన కప్పు మార్చమని ఈ దొర చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతోందట. పైన ఉడతలు కాపురం పెట్టాయి. నిప్పంటే భయం. కప్పేవాడు పిలిస్తే రాడు. పెంకులు వేసుకుంటానంటే వీల్లేదంటాడు. ఉడతలను తరమొచ్చా అంటే, అవి ఎప్పటి నుంచి ఉన్నాయో చూడాలి, పాతవైతే అవీ సంరక్షితమే కావచ్చునంటాడు.

అదంతా విని నేను హైమావతితో చెప్పించాను. “అమ్మా, నీకు ఓ పరక పీకనివ్వరు. నాకు ఓ ఆకు ఉంచనివ్వరు. మనిద్దరం కొంపలు మార్సుకుందారి, రా.”

హైమావతి అది ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది, సగంలో ఆ పిల్లకే నవ్వొచ్చింది. డోరతమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరం బంగాళాదుంపల బస్తా మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. మగవాళ్లిద్దరూ మమ్మల్ని చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. అంత కష్టంలోనూ పీడీ గారికి డోరతమ్మలో ఇష్టమున్న లబ్ధిదారు కనిపించింది. శ్లాబు మంజూరుకు సిఫారసు చేస్తానని ముందుకొచ్చారు. దొర చట్టం అన్నాడు. ఆ మాట వినగానే పీడీ గారు చేతులు కట్టుకున్నారు. ఏ దేశపు చట్టమైనా చట్టమే. ఒక సర్కారు గడ్డిని కాపాడుతోందంటే, అందులో ఏదో పరమార్థం ఉండే ఉంటుందనిపించింది ఆయనకు.

నా ఇంటి సంగతి ఏమిటని విమానంలో అడిగాను. విషయం పైఅధికారుల దృష్టికి తీసుకువెళ్లడం జరుగుతుందన్నారు. ఉంచుతాననీ అనలేదు, దింపుతాననీ అనలేదు. మేఘాల మీద కూడా నాకు నిద్ర పట్టలేదు.

కమిషనరు గారు విన్నారు. ఇంగ్లండు పల్లెల్లో ఇళ్లకు గడ్డి ఉంది సార్ అని పీడీ గారు భయపడుతూ చెబితే, ఆయన ఆశ్చర్యపోయారట. ఉండదా మరి, ఆ అందం కోసమే కదయ్యా వెళ్లింది, మా ఆవిడ ఫొటోల వెనక ఉన్నదేమిటనుకున్నావు అన్నారట. శాఖ అంతా మళ్లీ ఆ ఫొటోలు చూసింది. పువ్వుల వెనక గడ్డి, గొర్రెపిల్ల వెనక గడ్డి.

వారం తిరగకుండా కొత్త పథకం వచ్చింది. ప్రతి మండలంలోనూ ఇంగ్లండు పల్లె విడిదులు. ప్రతి శ్లాబు ఇంటి మీదా వెదురు కట్టి గడ్డి కప్పాలి. తలుపు పక్కన ఒక పూలతీగ, పైన ఒక పొగ్గొట్టం. పట్నం వాళ్లు వచ్చి సెలవులు గడుపుతారు. గుడిసెలు దింపిన కూలీలే మళ్లీ వచ్చి గడ్డి ఎక్కించారు. ఎండుగడ్డంతా కప్పుల మీదికి పోయేసరికి పశువులు మోర ఎత్తి ఇళ్ల వైపు చూడటం నేర్చుకున్నాయి. పొయ్యి లేని చోట పొగ్గొట్టం ఎందుకని మా అచ్చియ్యమ్మ అడిగితే, పొగ నిమిత్తం కాదు, శోభ నిమిత్తం అన్నారట.

“ఓలప్పా, శోభ ఎలాగుంతాదో తెలీదు గానీ, కాకి మాత్రం గూడెట్టీసింది” అంది అచ్చియ్యమ్మ.

నా ఇంటికి హైమావతి టేపు పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు ఇలాంటివి ఎన్నో ఉండేవి, ఇప్పుడు మండలంలో నిజంగా గడ్డి కింద ఉన్న ఇల్లు ఇదొక్కటే, ముందు దీన్నే విడిదిగా రాద్దామని ఆ పిల్ల ఆశ. చుట్టూ తిరిగి కొలిచింది. ఆ పిల్ల మొహం వాడిపోయింది. విడిదికి నాలుగు మూలలుండాలి, దీనికి ఒక్కటీ లేదు. పొగ్గొట్టం లేదు. పూలతీగ చోట ఆనపపాదు ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఇంగ్లండు ఇంటిలా లేదు. కాబట్టి గడ్డి ఇళ్ల పథకంలోకి గడ్డి ఇల్లు రాదు. పోనీ గుడిసెగా రాసి దింపుదామంటే, మండలంలో గుడిసె అన్నదే లేదని శిలాఫలకం నిలబెట్టేశారు. రాతి మీద చెక్కింది మార్చడానికి నిబంధన లేదు.

పీడీ గారు చాలా ఆలోచించి నిర్ణయం చెప్పారు. “ఇట్టి గృహం లేనట్లుగా పరిగణించడమైనది.”

ఆ మాట హైమావతి వచ్చి చెప్పినప్పుడు నేను ఆ పిల్ల నోట్లో బెల్లంముక్క పెట్టాను. సర్కారు కంటికి ఆనని ఇంటికంటే భద్రమైన ఇల్లు ఎక్కడుంటుంది?

తరవాతి వేసవిలో అధికారులు కూడా సెలవులు విడిదుల్లోనే గడిపి ప్రజలకు ఆదర్శంగా నిలవాలని ఆర్డరు వచ్చింది. పీడీ గారు మన ఊరు వచ్చారు. ఎంచుకోవడానికి ఊరినిండా విడిదులే. ఒకటి చూశారు, రెండు చూశారు. శ్లాబు వేడి గడ్డిలోంచి పోదు, గడ్డి దుమ్ము శ్లాబు మీద నుంచి రాలదు, రెంటి మధ్యా పందికొక్కులు. రోహిణీకార్తె మధ్యాహ్నం, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి, ఆయన నా చూరు ముందుకొచ్చి నిలబడ్డారు. లోపల నేను చాప మీద నడుం వాల్చి ఉన్నాను. సముద్రం గాలి చూరు కిందనుంచి దూరి, గోడ చుట్టూ తిరుగుతోంది.

“అమ్మా, స్వల్పకాలిక విశ్రాంతి నిమిత్తం…” అని మొదలుపెట్టారు.

“ఈ ఇల్లు లేదు కదా బావూ. లేని ఇంట్లో ఎలాగ పడుకుంతావు?” అన్నాను.

కుర్చీ ఎక్కిన నాటి నుంచి ఆయన నోట వినని మాట అప్పుడు విన్నాను.

“ఏటి సెయ్యమంతావు పిన్నీ, నిద్దరొస్తంది.”

జరిగి చోటిచ్చాను. ఎవరూ నేర్పకుండానే నడుం వంచి లోపలికి వచ్చారు. లేని ఇంట్లో, లేని చాప మీద, పీడీ గారు పొద్దు వాలేదాకా గుర్రు పెట్టి నిద్రపోయారు.

ఇదర్రా జరిగింది. గుర్తుపెట్టుకోండి. రేపు మీ పిల్లలకు చెప్పండి, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమనండి. కాస్త పెంచినా ఫరవాలేదు, డోరతమ్మను మాత్రం వదిలేయకండి. చెప్పే ముందు ఒకసారి బయటకు తొంగి చూసి, జీపు ఏదీ ఆగి లేదని చూసుకుని మరీ చెప్పండి.